హైడ్రోమీటర్ పట్టుకునే ఉద్యోగం

కృష్ణపట్నంలో సర్వే కంపెనీలోనో, పంటపాళెం వైపు వంటనూనెల ట్యాంకుల దగ్గరో, తీరం వెంబడి ఏ రొయ్యల హ్యాచరీలోనో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే ఒక పని తగులుతుంది. ఒక తాడు, ఒక శాంపిల్ డబ్బా, ఒక గాజు గొట్టం చేతికిచ్చి "డెన్సిటీ చూసి రాసుకురా" అంటారు. నాలుగేళ్ళు చదివొచ్చిన కుర్రాడికి చిన్నతనంగా ఉంటుంది. నీళ్ళు తోడడానికా ఈ ఉద్యోగం అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

ఆ గాజు గొట్టం మీద ఒక్క గీత తేడా వస్తే ఏమవుతుందో ముందు చెప్తాను. నిండు సరుకుతో ఉన్న బొగ్గు ఓడ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే ఓడా సరుకూ అన్నీ కలిపిన బరువు, పట్టిక ప్రకారం 90,000 టన్నులనుకోండి. నీళ్ళ డెన్సిటీ 1.022 అయితే మీరు చీకట్లో 1.023 అని రాశారు. మూడో దశాంశంలో ఒక్క అంకె. లెక్కలో 88 టన్నులు పెరిగిపోతాయి. టన్ను ఎనిమిది వేలనుకుంటే ఏడు లక్షల రూపాయలు. ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోయినా కాగితం మీద సంతకం మీది.

కాబట్టి తొమ్మిదో తరగతి పాఠాన్ని ఒకసారి తిరగేద్దాం. డెన్సిటీ అంటే ఒక ఘనసెంటీమీటరు చోటులో ఎన్ని గ్రాములు పట్టిందన్న లెక్క. మంచినీళ్ళు 1.000 అని చదువుకున్నాం, కానీ అది 4 డిగ్రీల చల్లటి నీళ్ళ సంగతి. మన నెల్లూరు ఎండలకి 30 డిగ్రీలకు చేరిన నీళ్ళు 0.996 దగ్గరుంటాయి. సముద్రపు నీళ్ళకు ఓడల లెక్కల్లో 1.025 ప్రమాణం. వంటనూనెలు 0.9కి అటూ ఇటూ. ఉక్కు 7.85. తను మునిగి ఉన్న ద్రవం కంటే వస్తువు సగటు డెన్సిటీ తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే మునుగుతుంది. ఇక్కడ సగటు అన్న మాటే అసలు మాట. ఉక్కు ఓడ తేలడానికి కారణం దాని కడుపు డొల్లగా ఉండడం. ఉక్కు బరువును, లోపలి గాలి చోటును కలిపి చూస్తే నీళ్ళకంటే తేలిక. మన పట్టపు మత్స్యకారుల తెప్ప డొల్ల లేకుండానే తేలుతుంది, ఎందుకంటే దుంగే తేలిక. కానీ ఆ దుంగ నీళ్ళు తాగిన కొద్దీ బరువెక్కుతుంది. వేట నుంచి రాగానే తెప్ప కట్లు విప్పి దుంగల్ని ఇసుక మీద ఆరబెట్టే అలవాటు అందుకే వచ్చింది. డెన్సిటీ అన్న మాట వినకుండానే దాన్ని అదుపులో పెట్టుకున్నవాళ్ళు వాళ్ళు.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీళ్ళను పక్కకు తోసే దాకా దిగుతుంది. హైడ్రోమీటర్ పని చేసేదీ అంతే. నీళ్ళు చిక్కనైతే కాస్త దిగి ఆగుతుంది, పలచనైతే ఇంకా లోపలికి పోతుంది. బెర్త్‌కు కట్టేసిన ఓడ కూడా ఒక పెద్ద హైడ్రోమీటరే. దాని ఒంటి మీద గీతలున్నాయి, ఎంత మునిగిందో, అంటే డ్రాఫ్ట్ ఎంతో, చదువుతాం, దాన్నిబట్టి బరువు లెక్క కడతాం. అయితే అది ఏ నీళ్ళలో మునిగిందో తెలియకపోతే ఆ చదివిన అంకెకు విలువ లేదు. డ్రాఫ్ట్ సర్వే మొత్తం ఈ రెండు రీడింగుల మీదే నిలబడుతుంది.

డ్రాఫ్ట్ సర్వే ఎలా చేస్తారో తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఓడ ముందు, మధ్య, వెనక భాగాల్లో రెండు వైపులా మొత్తం ఆరు చోట్ల డ్రాఫ్ట్ మార్కులు చదువుతారు. ఓడ మధ్యలో వంగి ఉండొచ్చు కాబట్టి మధ్య రీడింగుకు ఎక్కువ బరువిచ్చి సగటు తీస్తారు. ఓడ ముందుకో వెనక్కో ఒరిగి ఉంటే దానికి ట్రిమ్ కరెక్షన్లు వేస్తారు. హైడ్రోస్టాటిక్ పట్టికలో ఆ డ్రాఫ్ట్‌కు డిస్‌ప్లేస్‌మెంట్ చూస్తారు. ఆ పట్టిక 1.025 నీళ్ళకు తయారైంది, కాబట్టి వచ్చిన బరువును మీరు కొలిచిన డెన్సిటీతో గుణించి 1.025తో భాగిస్తారు. అందులోంచి ఓడ నిలకడ కోసం నింపుకున్న బాలస్ట్ నీళ్ళు, ఇంధనం, మంచినీళ్ళు తీసేస్తారు. సరుకు దించక ముందు ఒకసారి, దించాక ఒకసారి ఇలా చేస్తే, ఆ రెంటి తేడా దిగిన సరుకు. అన్నీ సరిగ్గా చేసినా అర శాతం దాకా తేడా ఉండొచ్చని ఈ వృత్తిలో అందరూ ఒప్పుకుంటారు. డెన్సిటీలో పొరపాటు దీనికి అదనం. అది ఒప్పుకోలు లెక్కలోకి రాదు, నిర్లక్ష్యం కింద వస్తుంది.

ఇప్పుడు మన పోర్టు సంగతి. కృష్ణపట్నం కండలేరు సముద్రంలో కలిసే ఉప్పుటేరు మీద ఉంది. 2008లో వాణిజ్య పోర్టుగా మొదలైంది, 2020లో యాజమాన్యం అదానీ చేతికి మారింది. యాజమాన్యం మారినా ఏరు మారదు. మిగతా రాష్ట్రంలో చాలా చోట్ల వానలు ఎక్కువగా నైరుతిలో పడితే మనకు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. ఆ నెలల్లో ఏరు తెచ్చే మంచినీళ్ళు తేలిక కాబట్టి పైన పరుచుకుంటాయి, ఉప్పునీళ్ళు అడుగున ఉంటాయి. ఆటులో ఒక లెక్క, పోటులో ఒక లెక్క. ఏప్రిల్‌లో నాలుగు ఓడలకు 1.022 వచ్చిందని నవంబరు ఓడకూ అదే రాసేస్తే దానికి కొలత అని పేరు పెట్టకూడదు.

నేను చేరిన రెండో ఏడాది సరిగ్గా ఇదే చేశాను. బొగ్గు ఓడ. వచ్చినప్పుడు పొడి వాతావరణం, డెన్సిటీ 1.022. మూడు రోజులు దింపారు, అందులో రెండు రోజులు వాయుగుండం వాన. ఫైనల్ సర్వే రాత్రి రెండింటికి. తడిసి ముద్దయి ఉన్నాను, డబ్బా జారిపోయి ఒకసారి ఖాళీగా పైకొచ్చింది. "మొన్నటి రీడింగే ఉంటుందిలే" అని 1.022 వేసేశాను. తెల్లారాక సీనియర్ మళ్ళీ తోడి చూస్తే 1.016. ఖాళీ ఓడ పట్టిక డిస్‌ప్లేస్‌మెంట్ 32,000 టన్నులు. 1.016తో లెక్క కడితే 31,719. నేను వేసింది 31,906. బాలస్ట్ డెన్సిటీ విడిగా సరిగ్గానే కొలిచి ఉన్నాం కాబట్టి తేడా అంతా ఓడ మీదే పడింది. అంటే ఓడలో ఇంకా 187 టన్నులు మిగిలి ఉన్నట్టు, సరుకు అంత తక్కువ దిగినట్టు. కాగితం ఇంకా చీఫ్ ఆఫీసర్ సంతకానికి వెళ్ళలేదు కాబట్టి ఉద్యోగం మిగిలింది.

ఆ రోజు సీనియర్ తిట్టలేదు, లెక్క ఒకటి చూపించాడు. మొదటి సర్వేలోనూ చివరి సర్వేలోనూ ఒకే హైడ్రోమీటర్ ఒకే వైపు తప్పు చూపిస్తే తప్పు కొంత కొట్టుకుపోతుంది, తీసివేతలో మిగిలేది సరుకు వరకే. ఒక్కసారే తప్పయితే మొత్తం ఓడ బరువు మీద పడుతుంది. అందుకే రెండు సర్వేలకూ ఒకే పరికరం వాడాలి, ఆ పరికరం నంబరు రిపోర్టులో ఉండాలి. మధ్యలో పగిలితే కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం ఎలాగూ ఉండదు, కాబట్టి మొదటిరోజే రెండూ ఒకే నీళ్ళలో ముంచి చూసి రాసుకోవాలి.

శాంపిల్ ఎక్కడ తీయాలన్న దాని మీద ఎక్కువ తప్పులు జరుగుతాయి. గ్యాంగ్‌వే దగ్గర, బెర్త్ వైపు, పైపైన తోడితే సులువు. కానీ అక్కడే ఓడ ఇంజిన్ చల్లబరిచే నీళ్ళు బయటికొస్తుంటాయి, పోర్టు కాలువ కలుస్తుంటుంది, వాన నీళ్ళు జారుతుంటాయి. సముద్రం వైపుకెళ్ళి ముందు, మధ్య, వెనక మూడు చోట్ల, ఒక్కో చోట పైన, నడుమ, అడుగున తీయండి. ఓడ పన్నెండు మీటర్ల లోతున ఉంటే దాన్ని మోసేది పన్నెండు మీటర్ల నీళ్ళు, పై అడుగు కాదు. అడుగు దాకా దిగి మూత తెరుచుకునే శాంపిలర్ ఇవ్వకపోతే అడగండి. డ్రాఫ్ట్ చదివిన అరగంట లోపే నీళ్ళు తీయండి, పోటు మారితే రెండూ రెండు వేర్వేరు ఓడల లెక్కలవుతాయి.

పరికరం సంగతికొస్తే, చూడడానికి ఒకేలా ఉండే హైడ్రోమీటర్లు రెండు రకాలు. డ్రాఫ్ట్ సర్వే కోసం చేసింది గాలిలో తూకానికి సరిపడే డెన్సిటీ చూపిస్తుంది. లోడ్‌లైన్ కోసం, అంటే ఓడ ఎంతదాకా మునగొచ్చో చెప్పే గీత కోసం, చేసింది మంచినీళ్ళతో పోల్చిన నిష్పత్తి చూపిస్తుంది. రెంటికీ సుమారు 0.002 తేడా. మొదట్లో చెప్పిన 90,000 టన్నుల ఓడకు అది 175 టన్నుల పైమాట. ఓడలో వాళ్ళు తమ హైడ్రోమీటర్ ఇచ్చి "ఇది వాడండి" అంటే ముందు దాని గొంతు మీద ఏం రాసుందో చదవండి. ఇంకో మాట, డ్రాఫ్ట్ సర్వేలో చదివిన డెన్సిటీకి ఉష్ణోగ్రత కరెక్షన్ వేయరు. నీళ్ళు వేడెక్కితే ఓడ ఉక్కూ, పరికరం గాజూ వ్యాకోచిస్తాయి, ఆ తేడాలు దాదాపు సర్దుకుపోతాయి. నూనె ట్యాంకుల నుంచి వచ్చిన కుర్రాళ్ళు అలవాటుగా ఇక్కడా కరెక్షన్ వేసేస్తారు. సీనియర్ సర్వేయర్ పోస్టు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తుంది, ఎందుకు వేయరో చెప్పగలగాలి.

గాజు మీద ఆరిన ఉప్పు ఉంటే హైడ్రోమీటర్ బరువెక్కి మరికాస్త దిగుతుంది, నీళ్ళు అసలుకంటే పలచన అని అబద్ధం చెప్తుంది. జిడ్డు చేతులతో కాడ పట్టుకుంటే నీళ్ళు అంచున సరిగ్గా అంటుకోవు. గాలి బుడగ ఒక్కటి అంటుకున్నా పైకి తేలుస్తుంది. కంటిని నీటి మట్టానికి దించి, గాజు దగ్గర పైకెక్కిన అంచును వదిలేసి, చదునుగా ఉన్న మట్టం దగ్గర చదవాలి. ఇవన్నీ ప్రతి మాన్యువల్లో ఉంటాయి. రాత్రి రెండింటికి టార్చి నోట్లో పెట్టుకుని చేసేటప్పుడు మాత్రం గుర్తుండవు, అందుకే చెప్తున్నాను.

ఇంపోర్టు ఓడల దగ్గర గొడవ డబ్బు గురించి. లోడింగ్ ఓడల దగ్గర అది ఓడ భద్రత దాకా పోతుంది. ఓడ పక్కన వృత్తంలో అడ్డగీత, దాని పక్కన మెట్లలా గీతలు చూసుంటారు. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాటం వల్ల 1876లో చట్టమై వచ్చిన గీత అది. అతిగా నింపిన ఓడలు మనుషుల్ని ముంచుతుంటే తెచ్చారు. మంచినీళ్ళలో ఓడ ఎక్కువ దిగుతుంది కాబట్టి, అక్కడ నింపేటప్పుడు గీత కొంత మునిగినా ఒప్పుకుంటారు. సముద్రంలోకి పోగానే పైకి లేస్తుంది. ఎంత మునగొచ్చన్నది డెన్సిటీ నిర్ణయిస్తుంది.

ఒక లెక్క చూడండి. డిస్‌ప్లేస్‌మెంట్ 80,000 టన్నులు, ఒక సెంటీమీటరు దిగడానికి 65 టన్నులు కావాలి. పూర్తి మంచినీళ్ళలో ఈ ఓడకు అనుమతించే మునక 308 మిల్లీమీటర్లు. నీళ్ళు 1.015 అయితే అందులో ఇరవై అయిదింట పది వంతులు, 123 మిల్లీమీటర్లు. ఉదయం వానలో పైపైన తోడి 1.015 అని రాశారు, అసలు సగటు 1.021. అప్పుడు హక్కు 49 మిల్లీమీటర్లకే. 74 మిల్లీమీటర్లు అదనంగా దించేశారు, అంటే 480 టన్నులు ఎక్కువ ఎక్కించారు. ఓడ సముద్రంలోకెళ్ళాక గీత నీళ్ళలోనే ఉంటుంది. తరవాతి పోర్టులో ఇన్‌స్పెక్టర్ ఆపేస్తే ఓడ రోజువారీ ఖర్చులతో సహా లేఖలు మీ ఆఫీసుకొస్తాయి. తక్కువ డెన్సిటీ రాయమని ఎవరైనా నవ్వుతూ భుజం మీద చెయ్యి వేస్తే కారణం ఇదే. ఇంకో నాలుగొందల టన్నులు ఎక్కించుకోవాలన్న ఆశ.

ఆ ఒత్తిడి గురించి పెద్ద మాటలేమీ చెప్పను. ఏజెంట్ తొందరపెడతాడు, చీఫ్ ఆఫీసర్ కోప్పడతాడు, సరుకు తీసుకునేవాళ్ళ మనిషి టీ ఇప్పిస్తాడు. అందరికీ వాళ్ళ వాళ్ళ టార్గెట్లున్నాయి. వాదించకండి. "సార్, మీరూ రండి, ఇద్దరం కలిసి తోడదాం, అంకె మీరే చదవండి" అనండి. సాధారణంగా ఇక్కడే గొడవ సద్దుమణుగుతుంది. శాంపిల్ సీసా పారబోయకుండా సంతకాలయ్యే దాకా ఉంచండి. అప్పటికీ ఒప్పుకోకపోతే రెండు అంకెలూ, సమయాలూ రిపోర్టులో రాసి, కింద రిమార్క్ పెట్టి పంపండి. మధ్యలో ఏదో ఒక అంకెకు రాజీపడడం మాత్రం వద్దు. రెండు కొలతలకు మధ్యన ఉన్న అంకె ఎవరూ కొలిచింది కాదు, రేపు అడిగితే దాని తరఫున మాట్లాడేవాడుండడు.

బాలస్ట్ నీళ్ళు చాలామంది మర్చిపోతారు. ఎక్కడో నదీముఖంలో నింపుకొచ్చిన బాలస్ట్ 1.000 కావచ్చు, నడిసముద్రంలో మార్చుకుంటే 1.025 కావచ్చు. 20,000 ఘనమీటర్ల బాలస్ట్ మీద ఆ తేడా 500 టన్నులు. ఓడ వాళ్ళ కాగితం చూసి రాసుకోవద్దు, ట్యాంకుల్లోంచి తీసి కొలవండి.

ఇక నూనెలు. ముత్తుకూరు మండలంలో వంటనూనె రిఫైనరీలు వరసగా ఉన్నాయి, దిగుమతి పామాయిల్, సన్‌ఫ్లవర్ ఓడల్లో వస్తాయి. ఇక్కడ కాటా ఉండదు. ట్యాంకులో ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, పట్టిక చూసి కిలోలీటర్లు తెలుసుకుని, డెన్సిటీతో గుణిస్తే టన్నులు. డ్రాఫ్ట్ సర్వేలో పక్కన పెట్టిన ఉష్ణోగ్రత ఇక్కడ రాజు. పామోలిన్ 40 డిగ్రీల దగ్గర 0.897 ఉంటుంది, ఒక్కో డిగ్రీ పెరిగితే 0.0007 చొప్పున తగ్గుతుంది. వేడి నూనె పైకి చేరుతుంది, ఇదీ డెన్సిటీయే. పైన హ్యాచ్ తెరిచి పైపైన థర్మామీటర్ ముంచితే 41 వచ్చింది. నిజానికి ట్యాంకు సగటు 36. అయిదు వేల కిలోలీటర్ల ట్యాంకులో 17.5 టన్నులు గాలిలో కలిసిపోయాయి. టన్ను లక్ష అనుకుంటే పదిహేడున్నర లక్షలు. ఎవరూ దొంగతనం చేయలేదు, అయినా అనుమానం మొదట పంపు ఆపరేటర్ మీదకి, తరవాత లారీ డ్రైవర్ల మీదకి పోతుంది. పైన, నడుమ, అడుగున మూడు ఉష్ణోగ్రతలు తీసే ఓపిక లేనందుకు పక్కవాడి పరువు పోవడం నేను చూశాను.

ల్యాబ్ సర్టిఫికెట్‌లో ఉన్న డెన్సిటీ ఏ ఉష్ణోగ్రత దగ్గరదో చూడకుండా వాడేయడం ఇంకో పాత జబ్బు. డెన్సిటీ అంకె పక్కన డిగ్రీలు రాసి లేకపోతే ఆ సర్టిఫికెట్ వెనక్కి పంపండి.

నీళ్ళు నూనె కంటే బరువు కాబట్టి ఓడ పైపులు కడిగినప్పుడు మిగిలినవీ, వేడి చేసే ఆవిరి కాయిల్ లీకైనవీ ట్యాంకు అడుక్కి చేరతాయి. పైనుంచి తీసిన శాంపిల్ శుభ్రంగా ఉంటుంది. ఇరవై మీటర్ల వ్యాసమున్న ట్యాంకు అడుగున ఒక్క సెంటీమీటరు నీళ్ళంటే మూడు టన్నుల పైన. టేపు బరువుకు నీళ్ళు పట్టే పేస్టు రాసి దించితే రంగు మారిన మేరకు తెలిసిపోతుంది. పామోలిన్ చల్లబడితే అందులోని గట్టి భాగం, స్టీరిన్, గింజకట్టి కిందికి దిగుతుంది. అప్పుడు పై శాంపిల్ ఒక నూనె, అడుగు శాంపిల్ ఇంకో నూనె. అందుకే దించే ముందు పామోలిన్‌ను 32 నుంచి 35, పామాయిల్‌ను 50 నుంచి 55 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడి చేసి ఉంచుతారు. చివరి గంటలో ఆవిరి గట్టిగా పెడితే కాయిల్ చుట్టూ నూనె పాడవుతుంది, మిగతాది చల్లగానే ఉంటుంది.

డెన్సిటీని నమ్మాలి కానీ అది చెప్పేదానికి మించి నమ్మకూడదు. పాల కేంద్రంలో పనిచేసినవాళ్ళకి ఇది తెలుసు. లాక్టోమీటర్ కూడా హైడ్రోమీటరే. నీళ్ళు కలిపితే పాలు పలచబడి రీడింగ్ పడిపోతుంది. వెన్న తీసేస్తే, వెన్న తేలిక కాబట్టి, రీడింగ్ పెరుగుతుంది. రెండూ చేసినవాడి పాలు పరీక్షలో నిక్షేపంగా నెగ్గుతాయి. అందుకే ఫ్యాట్ విడిగా చూస్తారు. నూనెలో కూడా అంతే, డెన్సిటీ సరిపోయిందంటే కల్తీ లేదని అర్థం కాదు.

రొయ్యల వైపు పనిచేసేవాళ్ళకు ఈ పాఠం మరీ దగ్గరది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మన తీరంలో గుంటలూ హ్యాచరీలూ ఎలా పెరిగాయో చెప్పక్కర్లేదు. ఇక్కడి టెక్నీషియన్ ఉద్యోగంలో అతి పెద్ద ప్రమాదం వాన రాత్రి. గుంటలో ఉప్పదనం వెయ్యికి 20 వంతులుంటే ఘనమీటరు నీళ్ళు దాదాపు 1,010 కిలోలు. వాన నీళ్ళు 996. పడిన వాన పడినట్టే పైన దుప్పటిలా పరుచుకుంటుంది. కింద ఉన్న ఉప్పునీళ్ళకు గాలి అందదు, అడుగున ప్రాణవాయువు తగ్గి నల్లమట్టి నుంచి కుళ్ళిన గుడ్డు వాసన గ్యాసు మొదలవుతుంది. రొయ్య ఉండేది అడుగునే. పైనుంచి చూస్తే గుంట ప్రశాంతంగా ఉంటుంది. చచ్చిన రొయ్య నీళ్ళకంటే బరువు కాబట్టి వెంటనే పైకి తేలదు, చెక్ ట్రేలో మేత మిగిలిపోవడమే మొదటి సూచన. తేలి కనిపించాక చేయడానికి ఏమీ ఉండదు.

వాన మొదలవగానే తూము పై పలకలు తీసి పైనీళ్ళు వదిలేయాలి. ఏరేటర్లు ఆగకూడదు, కరెంటు పోతుందని ముందే తెలుసు కాబట్టి జనరేటర్‌లో డీజిల్ సాయంత్రమే చూసుకోవాలి. పొర ఏర్పడి రాత్రంతా గడిచాక ఒక్కసారిగా అన్ని ఏరేటర్లూ తిప్పితే అడుగున చేరిన విషం మొత్తం గుంటంతా కలుస్తుంది. ముందు పైనీళ్ళు వదిలి, తరవాత కొన్ని కొన్నిగా తిప్పాలి.

రీడింగ్ విషయంలో ఇక్కడా అదే పొరపాటు. మీటరున్నర లోతు గుంటలో పది సెంటీమీటర్ల వాన పూర్తిగా కలిసిపోతే 20 కాస్తా 19 దగ్గరికి దిగుతుంది, అంతే. కానీ గట్టు మీంచి చెయ్యి పెట్టి తోడిన చుక్కను రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే అయిదో ఆరో చూపించొచ్చు. అది చూసి కంగారుపడి ఓనర్‌కి ఫోన్ చేసి మినరళ్ళ బస్తాలు తెప్పించిన టెక్నీషియన్లు ఉన్నారు. సీసాకు బరువు కట్టి, బిరడాకు దారం కట్టి, అడుక్కి దించాక దారం లాగితే అడుగు నీళ్ళే వస్తాయి. అయిదు రూపాయల ఖర్చు. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. వాటి మధ్య తేడా ఎంతుంటే పొర అంత గట్టిగా ఉందన్నమాట.

హ్యాచరీలో చేరినవాళ్ళకి, రొయ్య లార్వాకు మేతగా పొదిగించే ఆర్టీమియా ట్యాంకు దగ్గర ఇదే పని. ఇరవై నాలుగు గంటలయ్యాక గాలి ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుక్కి చేరతాయి, పిల్లలు వాటికి కాస్త పైన గుమికూడతాయి. మొదట అడుగు నుంచి కొంచెం వదిలేసి, తరవాత పిల్లల్ని పట్టుకుని, పెంకులు రాకముందే వాల్వు కట్టేయాలి. పది నిమిషాల పని. గాలి ఆపి పక్క ట్యాంకు చూసొద్దామని వెళ్ళి అరగంటకొస్తే పిల్లలు ఊపిరాడక చస్తాయి. తొందరపడి ముందే తీస్తే పెంకులు లార్వా ట్యాంకులోకి పోతాయి.

మేత కొనేటప్పుడు కూడా చూసుకోండి, రొయ్య మేత మునగాలి, చేప మేత తేలాలి. చేప మేతను ఆవిరి ఒత్తిడితో ఉబ్బించి గాలి గదులు పెట్టి తేలిక చేస్తారు. గోడౌన్‌లో బస్తాలు తారుమారై రొయ్యల గుంటలో మేత తేలుతూ గట్టుకు కొట్టుకుపోయిన సంగతి వినడానికి నవ్వొస్తుంది, ఆ నెల జీతం కోత పడినవాడికి రాదు.

ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్ళు మనందరికంటే ముందు నుంచీ ఈ గాజు గొట్టంతోనే బతుకుతున్నారు. వాళ్ళ గొట్టం మీద బామే డిగ్రీలుంటాయి. సముద్రపు నీళ్ళు 3 డిగ్రీలు. ఎండకి ఇగిరి 25 దాటితే, అంటే డెన్సిటీ 1.21 దగ్గరికొస్తే, ఉప్పు గింజకడుతుంది. 29 దాకా పోతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది కాబట్టి ఆ నీళ్ళు వదిలేయాలి. ఆ రెండు అంకెల మధ్యే కూలి గిట్టుబాటు. అకాల వాన పడితే వాళ్ళూ గట్టు పైభాగం తెంచి పైనీళ్ళు వదిలేస్తారు, కింది చిక్కటి నీళ్ళను కలతపెట్టరు. రొయ్యల టెక్నీషియన్ ఒక వానాకాలం వాళ్ళ పక్కన నిలబడి చూస్తే కోర్సు ఫీజు మిగులుతుంది.

ఈ పని మీకు ప్రమోషన్ తెచ్చిపెడుతుందని చెప్పను. బాగా తోడాడని ఎవరికీ ఇంక్రిమెంట్ ఇవ్వరు. పట్టికలు చదవడం, ట్రిమ్ కరెక్షన్లు వేయడం, క్లెయిమ్ లేఖకు జవాబు రాయడం నేర్చుకున్నవాడే పైకెళ్తాడు. కానీ ఆ జవాబులన్నీ చివరికి ఎవరో ఒకరు ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత లోతులో, ఏ నంబరు పరికరంతో చదివారన్న ఒక్క లైను మీద ఆగుతాయి. కాబట్టి కంపెనీ ఫారం కాకుండా సొంత నోటు పుస్తకం ఒకటి పెట్టుకోండి. బాల్‌పెన్‌తో రాయండి, తప్పయితే అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయండి, దిద్దొద్దు. ఫోన్‌లో హైడ్రోమీటర్ ఫోటో తీసుకుంటే మంచిదే, పోర్టు లోపల ఫోటోలకి అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. పరికరం క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు ఎప్పటికో మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, స్టోర్స్ వాళ్ళు గుర్తు చేయరు.

ఓడ దిగాక టీ తాగడానికి వెళ్ళేముందు గొట్టాన్ని మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టండి. డబ్బాలో మిగిలిన నీళ్ళు ఒంపి, తాడు ఆరేయండి. నాచు పట్టిన తాడు రాత్రి చేతిలోంచి జారుతుంది.